పీజీకి డబ్బు: ఎంత వస్తుందన్నది ఒక లెక్క, ఎప్పుడు వస్తుందన్నది మరో లెక్క

ఎం.టెక్ చేరికకు రాసే జాతీయ పరీక్ష గేట్. దాని ఫలితాలు మార్చిలో వస్తాయి. సీటు ఖాయం చేసుకునే డబ్బు మే, జూన్ నెలల్లో కట్టాలి, అదీ రెండు మూడు రోజుల గడువులో. మొదటి సెమిస్టర్ ఫీజు జులైలోనో ఆగస్టులోనో పడుతుంది. స్టైపెండ్ మొదటిసారి ఖాతాలో పడేసరికి దసరా దాటొచ్చు, సంక్రాంతి కూడా దాటొచ్చు. కొండపి వైపు పొగాకు రైతుకు బేళ్లు వేలంలో ఏ రోజు అమ్ముడుపోతాయో ముందు తెలియదు. కోవూరు వైపు వరి కౌలుదారుకు ధాన్యం డబ్బు ఏ నెల చేతికొస్తుందో తెలియదు. ఆ ఇంటి పిల్ల ఎం.టెక్‌లోనో ఎం.ఎస్సీలోనో చేరేటప్పుడు ఈ రెండు క్యాలెండర్లూ కలవాలి. ‘స్కాలర్‌షిప్ వస్తుందిలే’ అన్న ధైర్యంతో చేరినవాళ్లు ఇబ్బంది పడేది ఎక్కువగా ఈ తేదీల దగ్గరే. మొత్తం తక్కువై చిక్కులో పడేవాళ్లు ఆ తర్వాత.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి సైన్స్, ఇంజనీరింగ్ పీజీకి వెళ్లే పేదింటి విద్యార్థికి ఏ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఏది ఏ షరతు మీద ఆగిపోతుంది అన్నది ఈ వ్యాసం.

అన్నిటినీ ‘స్కాలర్‌షిప్’ అనేస్తాం

ఊళ్లో ఏ డబ్బు వచ్చినా ‘స్కాలర్‌షిప్ పడింది’ అంటారు. కానీ ఆ ఒక్క మాట కింద కనీసం ఐదు రకాల డబ్బు ఉంది. ఒక్కోదానికి ఒక్కో చట్రం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే కాలేజీ ఫీజును రాష్ట్ర ప్రభుత్వం భరించడం. దీనికి తోడుగా భోజనం, వసతి ఖర్చుకు విడిగా ఇచ్చేది నిర్వహణ భత్యం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా వీటి పేర్లు మారాయి. అధికారుల భాషలో మాత్రం ఫీజు సాయం ఎప్పుడూ ఆర్‌టీఎఫ్, నిర్వహణ భత్యం ఎంటీఎఫ్. దరఖాస్తు జ్ఞానభూమి పోర్టల్‌లో, పరిశీలన గ్రామ సచివాలయంలో.

స్టైపెండ్ వేరు. అది పనికి ముడిపడిన నెలవారీ డబ్బు. గేట్ అర్హతతో ఎం.టెక్ చేరినవాళ్లకు కేంద్రం నెలకు రూ.12,400 ఇస్తుంది. బదులుగా వారానికి ఎనిమిది గంటలు ల్యాబ్‌లోనో ట్యుటోరియల్‌లోనో విభాగానికి పనిచేయాలి. ఫెలోషిప్ ఇలాంటిదే కానీ పరిశోధనకు, అంటే ప్రధానంగా పీహెచ్‌డీకి. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000. ఇంటద్దె భత్యం దీనికి అదనం.

నాలుగోది ఫీజు మినహాయింపు. ఇది చేతికి రాదు, కట్టాల్సిన చలానాలోంచి తగ్గిపోతుంది. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఉండదు. హాస్టల్, మెస్ మామూలే. ఐదోది బ్యాంకు లోను, దానిమీద ప్రభుత్వం ఇచ్చే వడ్డీ రాయితీ.

ఈ విడదీయడం మాటల ముచ్చట కోసం కాదు. వీటిలో కొన్ని ఒకదానితో ఒకటి కలవవు. గేట్ స్టైపెండ్ తీసుకునేవాళ్లు మరోచోట జీతం, స్టైపెండ్ తీసుకోకూడదు. పదో తరగతి తర్వాతి చదువులకు కేంద్ర నిధులతో నడిచే పోస్ట్ మెట్రిక్ పథకంలో ఉన్నవాళ్లు రెండో స్కాలర్‌షిప్ పట్టుకోకూడదు. మినహాయింపు, లోను మాత్రం స్టైపెండ్‌తో కలిసి నడుస్తాయి. కాకపోతే లోనిచ్చేటప్పుడు బ్యాంకు మీకు వచ్చే స్కాలర్‌షిప్‌ను లెక్కలోకి తీసుకుంటుంది.

రాష్ట్రం ఇచ్చే ఫీజు: జీవో 77 గీసిన గీత

బీటెక్‌ను ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే పూర్తిచేసిన పిల్లలకు, ఎం.టెక్‌లోనూ అదే వస్తుందన్న నమ్మకం సహజం. 2020 డిసెంబర్ 25న వచ్చిన జీవో 77 ఆ నమ్మకాన్ని తెంచింది. 2020–21 నుంచి ప్రైవేటు కాలేజీల్లో చేరే పీజీ విద్యార్థులకు ఫీజు, వసతి సాయం ఆపి, విశ్వవిద్యాలయ క్యాంపస్‌లకు, ప్రభుత్వ పీజీ కాలేజీలకు మాత్రమే పరిమితం చేసింది.

ఈ రెండు జిల్లాల్లో దాని ప్రభావం కోర్సును బట్టి రెండు రకాలుగా పడింది. ఎం.ఎస్సీ వాళ్లకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కాకుటూరులో ఉంది, దాని పీజీ సెంటర్ కావలిలో ఉంది. ఒంగోలులో నాగార్జున విశ్వవిద్యాలయం పీజీ సెంటర్‌గా ఉన్నది 2022లో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం అయింది. ఎం.టెక్ సీట్లలో ఎక్కువ భాగం మాత్రం ప్రైవేటు కాలేజీల్లోనే ఉన్నాయి. అక్కడ దెబ్బ నేరుగా తగిలింది.

దీనిమీద రెండు వాదనలున్నాయి, రెండిట్లోనూ పస ఉంది. జీవోను సమర్థించేవాళ్లు చెప్పేది: చాలా ప్రైవేటు పీజీ కోర్సులు క్లాసులకు రాని విద్యార్థుల పేర్లతో, ఫీజు బిల్లుల కోసమే నడిచాయి, ఆ డబ్బు విశ్వవిద్యాలయాల్లో పెడితే మేలు. వ్యతిరేకించేవాళ్లు చెప్పేది: దొంగ అడ్మిషన్లను హాజరు తనిఖీతో పట్టుకోవాలి గానీ అందరికీ ఆపేస్తే ఎలా, విశ్వవిద్యాలయంలో సీట్లూ కొన్నే, కోర్సులూ కొన్నే, కనిగిరి, ఉదయగిరి లాంటి చోట్ల నుంచి ఆడపిల్లను దూరం పంపలేని ఇళ్లున్నాయి. జీవో రద్దు విద్యార్థి సంఘాల పాత డిమాండ్, ఎన్నికల సభల్లోనూ వినిపించిన మాట. ఏ ఏడాది చేరుతున్నారో ఆ ఏడాది మార్గదర్శకాలే చెల్లుతాయి. నిరుడు చేరిన సీనియర్ అనుభవం దీనికి ఆధారం కాదు.

జీవో సంగతి అటుంచినా, రీయింబర్స్‌మెంట్‌కు ముందునుంచీ ఉన్న షరతులు కొన్ని ఉన్నాయి. కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు దాటకూడదు. హాజరు 75 శాతం ఉండాలి. సీటు కన్వీనర్ కోటాలోది కావాలి. ఈ మూడోదాని దగ్గర తప్పులో కాలేస్తారు. రాష్ట్ర ఎం.టెక్ ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు కాలేజీ జరిపే స్పాట్ అడ్మిషన్‌లో ఫీజు అంతే ఉండొచ్చు, బెంచీ కూడా అదే కావొచ్చు, కానీ రీయింబర్స్‌మెంట్ రాదు. మేనేజ్‌మెంట్ కోటాకూ దూరవిద్యకూ ఇదే వర్తిస్తుంది.

గేట్ స్టైపెండ్: 24 నెలల లెక్క

జీవో 77 చర్చలో మరుగున పడిపోయిన సంగతి ఒకటుంది. నెలకు రూ.12,400 అన్నది ఐఐటీ, ఎన్‌ఐటీల సొత్తు కాదు. సాంకేతిక విద్యకు కేంద్ర నియంత్రణ మండలి అయిన ఏఐసీటీఈ అనుమతి ఉన్న ప్రైవేటు కాలేజీలో చేరినా, చేరేనాటికి చెల్లే గేట్ స్కోరుంటే ఆ డబ్బు ఏఐసీటీఈ నుంచి వస్తుంది. పెద్ద ర్యాంకు అక్కర్లేదు, అర్హత మార్కు దాటితే చాలు. స్కోరు ఫలితాలు వచ్చిన రోజునుంచి మూడేళ్లు చెల్లుతుంది. బీటెక్ మూడో ఏడాదిలోనే పరీక్ష రాయొచ్చు. 2026 పరీక్షకు మామూలు గడువులో ఫీజు ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు రూ.1,000, మిగతావాళ్లకు రూ.2,000. రాష్ట్ర ఫీజు సాయం లేని ప్రైవేటు ఎం.టెక్‌లో కూడా ఈ అర్హత రెండేళ్లలో రూ.2,97,600 తెస్తుంది.

ఇక ఇంట్లోంచి ఎంత పెట్టాలి? ఒక ఉదాహరణ వేద్దాం. ఎన్‌ఐటీలో సెమిస్టర్‌కు ట్యూషన్ రూ.35,000, ఇతర ఫీజులు రూ.10,000, హాస్టల్, మెస్ కలిపి రూ.30,000 అనుకుందాం. మొత్తం రూ.75,000. పైఖర్చులు నెలకు రూ.3,000. సంస్థను బట్టి అంకెలు మారతాయి, లెక్క తీరు ఇదే.

రెండేళ్లకు ఖర్చు: ఫీజులు 3,00,000, పైఖర్చులు 72,000, వెరసి రూ.3,72,000. స్టైపెండ్ రూ.2,97,600. లోటు రూ.74,400. ‘డెబ్బై ఐదు వేలు సర్దుకుంటే చాలు’ అనిపిస్తుంది కదా. అసలు కథ నెలలవారీగా చూస్తే తెలుస్తుంది.

రెండో సెమిస్టర్ ఫీజు కట్టే ఆరో నెలకు పెట్టింది 1,68,000, వచ్చింది 74,400. లోటు 93,600. పన్నెండో నెల చివర మూడో ఫీజు కట్టేసరికి లోటు 1,12,200. పద్దెనిమిదో నెలలో నాలుగో ఫీజు కట్టిన రోజున రూ.1,30,800. గొయ్యి అన్నిటికంటే లోతుగా ఉండేది అక్కడే. చివరి ఆరు నెలల్లో ఫీజులు లేవు కాబట్టి అది మెల్లగా 74,400కు తగ్గుతుంది. అంటే ఇంటివాళ్లు సిద్ధంగా ఉంచుకోవాల్సింది డెబ్బై ఐదు వేలు కాదు, లక్షా ముప్పై వేలు.

అదీ స్టైపెండ్ ప్రతి నెలా ఠంచనుగా పడితే. నాలుగు నెలలు వెనకబడి పడుతుంటే ఆరో నెల లోటు 93,600కు మరో 49,600 కలిసి రూ.1,43,200 అవుతుంది. ఆ డబ్బు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు రూ.2,860 పైచిలుకు. పిల్లవాడి పైఖర్చు దాదాపు అంత.

ఇదే లెక్క ట్యూషన్ లేని ఎస్సీ, ఎస్టీ విద్యార్థికి తిరగబడుతుంది. సెమిస్టర్‌కు రూ.40,000 చొప్పున ఫీజులు 1,60,000, పైఖర్చులతో కలిపి 2,32,000. రెండేళ్ల చివర రూ.65,600 మిగులు. ఆరో నెలలో మాత్రం ఇతనికీ లోటే: పెట్టింది 98,000, వచ్చింది 74,400.

స్టైపెండ్ ఎందుకు ఆలస్యమవుతుంది? ఏఐసీటీఈ దారిలో డబ్బు కదలాలంటే మూడు మెట్లు ఎక్కాలి. ముందు కాలేజీ తన లాగిన్‌లో విద్యార్థికి గుర్తింపు సంఖ్య తెరవాలి. తర్వాత విద్యార్థి పత్రాలు ఎక్కించాలి, వాటిని కాలేజీ ఆమోదించాలి. ఆపైన నెలనెలా హాజరు నిర్ధారించాలి. మొదటి మెట్టు దగ్గర గడువు తప్పితే ఆ బ్యాచ్ మొత్తం ఆగుతుంది. విద్యార్థి వైపు జరిగే పొరపాటు సాధారణంగా ఖాతా దగ్గర. అమ్మతో కలిపి తీసిన జాయింట్ ఖాతా పనికిరాదు. లావాదేవీకి పరిమితి ఉన్న ప్రాథమిక ఖాతా, మైనరుగా ఉన్నప్పుడు తీసిన ఖాతా కూడా పనికిరావు. రాష్ట్ర పథకం కోసం తల్లి, విద్యార్థి పేరుతో ఒకప్పుడు తీయించిన జాయింట్ ఖాతా నంబరునే ఇక్కడా రాసి తిరస్కరణ తెచ్చుకోవడం అలా జరిగేదే.

ఎం.ఎస్సీ వాళ్లకు నెలవారీ డబ్బు ఎందుకు తక్కువ

నిజం చెప్పాలంటే ఎం.ఎస్సీ చదివేవాళ్ల వైపు వ్యవస్థ చూపు తక్కువ. ఎం.ఎస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి తిరుపతి ఐఐటీలో ఎం.ఎస్సీ సీటు తెచ్చుకున్నా, గేట్ వాళ్లకున్నట్టు అందరికీ వర్తించే స్టైపెండ్ లేదు.

ఉన్నవాటిలో పెద్దది యూజీసీ జాతీయ పీజీ స్కాలర్‌షిప్. నెలకు రూ.15,000, ఏడాదికి పది నెలలు, అంటే ఏడాదికి లక్షన్నర. దేశం మొత్తానికి పది వేల మందికి, డిగ్రీ మార్కుల ప్రతిభ మీద. పీజీ మొదటి ఏడాదిలోనే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పడాలి. సైన్స్ చదివేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఉపకారవేతనం ఏడాదికి రూ.80,000 అని విని ఎం.ఎస్సీలో చేరాక వెతికేవాళ్లు ఉంటారు. దాని తలుపు బీఎస్సీ మొదటి ఏడాదిలోనే తెరుచుకుని మూసుకుంటుంది. అప్పుడు ఎంపికైనవాళ్లకే ఎం.ఎస్సీ దాకా సాగుతుంది.

కోర్సును బట్టి చిన్న దారులున్నాయి. భూగర్భశాస్త్రం, జియోఫిజిక్స్ ఎం.ఎస్సీకి ఓఎన్‌జీసీ ఏడాదికి రూ.48,000 స్కాలర్‌షిప్ నడుపుతోంది. చీమకుర్తి గ్రానైట్ పక్కన పెరిగి భూగర్భశాస్త్రం ఎంచుకున్నవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో అనుమానమే. ముత్తుకూరు మత్స్య కళాశాల లాంటి చోట మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్‌ఎస్సీ చేసినవాళ్లకు భారత వ్యవసాయ పరిశోధన మండలి పీజీ పరీక్ష ఉంది. దాని ర్యాంకు మీద స్కాలర్‌షిప్ ఉంది. అదే పరీక్షతో సొంత రాష్ట్రం దాటి చేరినవాళ్లకు విడిగా జాతీయ ప్రతిభా ఉపకారవేతనం ఉంది. కార్పొరేట్ వాటిలో రిలయన్స్ ఫౌండేషన్ పీజీ స్కాలర్‌షిప్ కోర్సు మొత్తానికి రూ.6 లక్షల దాకా ఇస్తుంది, కానీ వంద మందికే.

ఎం.ఎస్సీ చదువు అసలు ఫలితం ఇచ్చేది తర్వాతి మెట్టు మీద. చివరి ఏడాదిలోనే సీఎస్‌ఐఆర్ నెట్ రాయొచ్చు. రసాయన, భౌతిక, గణిత, జీవశాస్త్రాల్లో గేట్ ఉంది, దాంతో ఎం.టెక్‌కు వెళితే 12,400 వర్తిస్తుంది. విశ్వవిద్యాలయంలో తన సబ్జెక్టులో మొదటి ర్యాంకు వచ్చినవాళ్లు నెట్ లేకుండానే ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయొచ్చు. కాకుటూరులోనో ఒంగోలులోనో చిన్న బ్యాచ్‌లో చదివినవాళ్లకు అందుబాటులో ఉన్న అవకాశమే ఇది. పరిశోధన మీద మనసున్నవాళ్లకు రెండేళ్ల ఇబ్బంది తర్వాత నెలకు 37,000 ఎదురుచూస్తోందన్నమాట. ఆ రెండేళ్లను దాటించేది ఎవరన్నదే ప్రశ్న.

ఒకే కుటుంబం, నాలుగు గీతలు

పేద కుటుంబం అంటే ఎవరు? ఒక్కో పథకం ఒక్కో జవాబిస్తుంది. రాష్ట్ర రీయింబర్స్‌మెంట్‌కు రూ.2.5 లక్షలు. చదువు లోనుపై పూర్తి వడ్డీ రాయితీకి రూ.4.5 లక్షలు. కేంద్రం చదువు లోన్ల పథకం పీఎం విద్యాలక్ష్మిలో మూడు శాతం రాయితీకి, ఎస్సీ విద్యార్థుల టాప్ క్లాస్ పథకానికి రూ.8 లక్షలు. ఈ టాప్ క్లాస్ పథకం తెలియక వదులుకునేవాళ్లు ఉంటారు. జాబితాలో ఉన్న సంస్థలో మొదటి ఏడాది చేరిన ఎస్సీ విద్యార్థికి ఫీజుతో పాటు తొలి ఏడాది రూ.86,000, తర్వాత ఏడాదికి రూ.41,000 విద్యా భత్యం ఇస్తుంది. మొదటి ఏడాది దాటాక కొత్తగా చేర్చుకోరు.

భూమి దగ్గర గీతలు ఇంకా విచిత్రం. కనిగిరి వైపు ఆరెకరాల మెట్ట ఉన్న ఓసీ కుటుంబాన్ని తీసుకోండి. వాన పడితే కంది, లేకపోతే బీడు. ఏడాదికి లక్ష కూడా మిగలదు. రాష్ట్ర ఫీజు పథకం దృష్టిలో ఇది అర్హమైన ఇల్లే, ఎందుకంటే అక్కడ పరిమితి పదెకరాల మాగాణి లేదా పాతికెకరాల మెట్ట. కేంద్రం ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన ఓసీల కోటా) ధ్రువపత్రం దృష్టిలో మాత్రం ఇది అనర్హమైన ఇల్లు. అక్కడ ఐదెకరాలు, ఆపై వ్యవసాయ భూమి ఉంటే ఆదాయం ఎంతైనా పత్రం రాదు. మాగాణి, మెట్ట తేడా ఆ నిబంధనలో లేదు. పెన్నా కాలువ కింద రెండు పంటలకు నీళ్లున్న నాలుగెకరాల మాగాణి రైతు కొడుకు ఈడబ్ల్యూఎస్‌లో సీటు తెచ్చుకుంటాడు, ఆరెకరాల కనిగిరి మెట్ట రైతు కూతురికి ఆ దారి లేదు. దేశమంతటికీ ఒకే కొలబద్ద ఉండాలన్న వాదన అర్థమయ్యేదే, కానీ మెట్ట ప్రాంతానికి అది కొరుకుడుపడదు.

బీసీల విషయంలో చిక్కు వేరు. బీసీ-ఏ, బీసీ-డి అని రాసున్న రాష్ట్ర కుల ధ్రువపత్రం ఐఐటీ, ఎన్‌ఐటీ కౌన్సెలింగ్‌లో చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరన్న) పత్రం కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినది. రాష్ట్ర జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు. గేట్ ఫలితాలు మార్చిలో వచ్చినా పత్రం ఏప్రిల్ దాకా పుట్టదు, మేలో చూపించాలి. ఆ మధ్య నెలలో తహసీల్దార్ కార్యాలయం ఏ సర్వేలోనో, ఏ ఎన్నికల పనిలోనో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

లోను: పది శాతం అంటే నూటికి ఎనభై మూడు పైసలు

చదువు లోను అంటే మన జిల్లాల్లో ఒక బెరుకుంది. ఊరి వడ్డీ భాషలోకి మార్చి చూస్తే, పది శాతం వడ్డీ అంటే నెలకు నూటికి 83 పైసలు. రెండు రూపాయలతో పోలిస్తే సగం కూడా కాదు. అందుకని లోనే మంచిదని తీర్మానించనక్కర్లేదు, ఎలా పెరుగుతుందో చూద్దాం.

సెమిస్టర్‌కు లక్ష చొప్పున నాలుగు లక్షల లోను, పది శాతం వడ్డీ అనుకుందాం. కోర్సు రెండేళ్లు, ఆపై ఏడాది దాకా వాయిదాలు కట్టక్కర్లేదు. దీన్ని మారటోరియం అంటారు. ఈ కాలంలో సాధారణ వడ్డీ లెక్కిస్తారు. మొదటి లక్ష మీద 36 నెలలకు 30,000, రెండో లక్ష మీద 30 నెలలకు 25,000, మూడోదానిమీద 20,000, నాలుగోదానిమీద 15,000. మొత్తం 90,000. వాయిదాలు మొదలయ్యే రోజున అప్పు రూ.4,90,000. పదేళ్ల వాయిదాలైతే నెలకు సుమారు రూ.6,475, మొత్తం కట్టేది రూ.7.77 లక్షలు. ఐదేళ్లలో తీరిస్తే నెలకు రూ.10,411, మొత్తం రూ.6.25 లక్షలు.

ఇప్పుడు రాయితీ. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు, కోర్సు సాంకేతిక లేదా వృత్తి విద్య అయితే మారటోరియం వడ్డీ మొత్తం కేంద్రమే కడుతుంది. అప్పుడు అప్పు నాలుగు లక్షల దగ్గరే మొదలవుతుంది, పదేళ్ల వాయిదా రూ.5,286. నెలకు దాదాపు 1,190 తేడా, పదేళ్లలో రూ.1.42 లక్షల పైచిలుకు. కానీ ఈ రాయితీ జీవితంలో ఒక్కసారే. బీటెక్ లోనుకు వాడుకుంటే ఎం.టెక్‌కు లేదు. బీటెక్‌లో చిన్న లోను తీసి రాయితీ వాడేసినవాళ్లు, పెద్ద లోను అవసరమైన పీజీ దగ్గర చేతులు ఖాళీగా నిలబడతారు. చదువు మధ్యలో మానేసినా, అనారోగ్య కారణం లేకపోతే, రాయితీ పోతుంది. ఎం.ఎస్సీ గణితం, భౌతికశాస్త్రం లాంటివి వృత్తి విద్య కిందికి రావు.

2024 నవంబర్ 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మికి కోర్సు పట్టింపు లేదు, సంస్థ పట్టింపు ఉంది. మొదట్లో సుమారు 860 సంస్థల జాబితా అది: జాతీయ ర్యాంకుల్లో మొదటి వందలో ఉన్నవి, 101 నుంచి 200 దాకా ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, కేంద్ర సంస్థలన్నీ. తిరుపతిలోని ఐఐటీ, సైన్స్ సంస్థ ఐసర్ ఇందులోకి వస్తాయి. ఇక్కడ తాకట్టు, హామీదారు అడగరు. ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా లోనుపై మారటోరియంలో మూడు శాతం రాయితీ, ఏడాదికి లక్ష మందికి. మన ఉదాహరణలో 90,000 వడ్డీ 63,000 అవుతుంది. ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్ వచ్చేవాళ్లకు ఈ మూడు శాతం లేదు.

జాబితాలో లేని కాలేజీకి పాత నమూనా వర్తిస్తుంది. నాలుగు లక్షల దాకా తాకట్టు లేదు, ఏడున్నర లక్షల దాకా మూడో వ్యక్తి హామీ అడగొచ్చు, ఆపైన ఆస్తి తాకట్టు. ఇక్కడ పల్లె కుటుంబం ఒక గోడను గుద్దుకుంటుంది. పొదలకూరులో ఐదెకరాల నిమ్మతోట కాగితాలు తీసుకెళ్తే మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు. ఒంగోలులో చిన్న డాబా ఇల్లు ఉన్నవాడికి సరే అంటాడు. వివక్ష అనిపిస్తుంది, కానీ కారణం 2002 నాటి సర్ఫేసీ చట్టంలో ఉంది. అప్పు తీరకపోతే కోర్టు మెట్లెక్కకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారం ఆ చట్టం బ్యాంకులకిచ్చింది, 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని దాన్నుంచి మినహాయించింది. రైతు భూమిని కాపాడిన నిబంధనే, రైతు బిడ్డ లోనుకు ఆ భూమిని పనికిరాకుండా చేసింది. విదేశీ ఎం.ఎస్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువగా ఆగేది ఈ గోడ దగ్గరే.

స్టైపెండ్ పెంచాలా, ఎంచి ఇవ్వాలా

జేఆర్‌ఎఫ్ 2014లో 25,000, 2019లో 31,000, 2023లో 37,000. ఎం.టెక్ స్టైపెండ్ ఈ కాలమంతా 12,400 దగ్గరే ఉంది. మెస్ బిల్లులు మాత్రం ఆగలేదు. పెంచాలనేవాళ్ల వాదన ఇంతే, దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

రెండో వైపు వాదనకూ చరిత్ర ఉంది. గేట్ స్కోరుతో ప్రభుత్వ రంగ సంస్థలు ఉద్యోగాలివ్వడం వల్ల చాలామంది ఎం.టెక్‌ను వెయిటింగ్ హాల్‌లా వాడుకుని మధ్యలో వెళ్లిపోతున్నారని, అందువల్ల ఫీజులు పెంచి, సాయాన్ని నిజంగా అవసరమైనవాళ్లకే ఇవ్వాలని 2019లో ఐఐటీ కౌన్సిల్ స్థాయిలో ప్రతిపాదన వచ్చింది. వ్యతిరేకత రావడంతో ముందుకు సాగలేదు. ఆదాయం చూసి ఇవ్వడం వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పైన చూసిన నాలుగు గీతల తంటా అప్పుడు స్టైపెండ్‌కూ చుట్టుకుంటుంది. నేడు ఇది ఆదాయ పత్రం అడగకుండా, గేట్ అర్హతతో చేరినవాళ్లందరికీ వచ్చే డబ్బు. ఆ సరళతకు విలువ ఉందన్నది మా అభిప్రాయం.

మంజూరైన డబ్బు దారి తప్పే చోట్లు

‘మంజూరైంది, కానీ పడలేదు’ అన్న ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఆధార్ మ్యాపర్. బ్యాంకుకు ఆధార్ నకలు ఇవ్వడం కేవైసీ. ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో చెప్పేది జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ దగ్గరున్న మ్యాపర్ అనే పట్టిక. ఒక ఆధార్‌కు అందులో ఒక్క బ్యాంకే ఉంటుంది, చివరిగా అనుసంధానం చేసినదే నిలుస్తుంది. ఒంగోలులో బీటెక్ చదివినప్పటి ఖాతాకు డబ్బు వస్తోంది. వరంగల్‌లో ఎం.టెక్ చేరి క్యాంపస్ బ్యాంకులో కొత్త ఖాతా తీస్తూ, ఇచ్చిన ఫారం మీదల్లా సంతకం పెట్టారు. ఆ సంతకాల్లో ఒకటి మ్యాపర్‌ను మార్చేసింది. రాష్ట్రం వేసిన పాత బకాయి కొత్త ఖాతాలో పడుతుంది, ఇంటివాళ్లు పాత పాస్‌బుక్ చూసుకుంటూ సచివాలయం చుట్టూ తిరుగుతారు. పాత ఖాతా మూసేసి, మ్యాపర్‌లో మాత్రం అదే బ్యాంకు మిగిలిపోతే డబ్బు వెనక్కే పోతుంది.

రెండో చోటు సర్టిఫికెట్లు. బీటెక్ నాటి రీయింబర్స్‌మెంట్ బకాయి ప్రభుత్వం నుంచి రాలేదు కాబట్టి టీసీ, ప్రొవిజనల్ ఇవ్వబోమని కాలేజీ అంటుంది. కౌన్సెలింగ్‌లో ఒరిజినల్స్ చూపించకపోతే సీటు పోతుంది. ప్రభుత్వం, కాలేజీల మధ్య బాకీకి విద్యార్థి పూచీ పడ్డట్టు అవుతుంది. అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టేపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబర్‌లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. కౌంటర్ దగ్గర ఆ కాగితం చూపించేవాళ్లు తక్కువ. రెండు రోజుల గడువు మీద పడినప్పుడు అప్పు తెచ్చి బకాయి కట్టి సర్టిఫికెట్లు విడిపించుకునేవాళ్లే ఎక్కువ. తర్వాత ప్రభుత్వం ఆ బకాయిని కాలేజీ ఖాతాలో వేస్తే, రెండుసార్లు ముట్టిన ఆ ఫీజును వెనక్కి అడగడానికి ముందు కట్టినప్పటి రసీదు చేతిలో ఉండాలి.